ఆ 76 రోజులు

అమెరికా సెనేట్, ప్రతినిధుల సభల్లోని న్యాయవ్యవహారాల కమిటీల అధ్యక్షులకు, సభ్యులకు రాస్తున్న బహిరంగ లేఖ.

నేను న్యూజెర్సీలో ఉంటాను. వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. పౌరసత్వం వచ్చిన నాటి నుంచి ఒక్క ఎన్నికా వదలకుండా ఓటు వేస్తున్నాను. లాయర్ని కాదు. జైల్లో ఉన్నవాళ్లకు న్యాయసలహా ఇచ్చే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో కొన్నేళ్లుగా శనివారాలు పనిచేస్తున్నాను. వచ్చిన ఉత్తరాలు విప్పి చదవడం, ఎవరి కేసు ఏ కోర్టు దాకా వచ్చిందో, ఏ తేదీన ఏం జరిగిందో ఒక కాగితం మీద వరుసగా రాసి లాయరు బల్ల మీద పెట్టడం నా పని. తేదీలు రాయడం తప్ప ఇంకేమీ చేయని నాకు, ఆ తేదీలే మనుషుల్ని ఎలా ముంచుతున్నాయో కనబడింది. అందుకే ఈ లేఖ.

తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, ఈ దేశంలో ఇప్పుడు తెలుగు చదవగలిగే ఓటర్లు చాలామందే ఉన్నారు, హెబియస్ కార్పస్ అన్న మాట వాళ్లకు కొత్తది కాదు. పోలీసులు అర్ధరాత్రి ఎత్తుకెళ్లిన కొడుకు ఎక్కడున్నాడో తెలియక ఒక తల్లి హైదరాబాద్‌లో హైకోర్టు మెట్లెక్కడం, కన్నబిరాన్ లాంటి లాయరు ఆమె తరఫున లేచి నిలబడటం, మనిషిని తెచ్చి మా ముందు పెట్టండని జడ్జి పోలీసులను ఆదేశించడం మా తరం పేపర్లలో చదువుతూ పెరిగింది. అక్కడ ఆ పిటిషన్ నేరుగా హైకోర్టుకే వెళ్తుంది. రాజ్యాంగంలోని 32వ అధికరణం సుప్రీంకోర్టు తలుపు కూడా తెరిచే ఉంచింది. అందుకే ఇక్కడి జైళ్ల నుంచి వచ్చే ఉత్తరాల్లో అదే మాట మొదటిసారి చూసినప్పుడు నాకు అర్థమైనట్టే అనిపించింది, కానీ అర్థం కాలేదు.

ఈ ఉత్తరాల్లో ఆ మాట చాలావరకు శిక్ష పడిపోయినవాళ్లది. రాష్ట్ర కోర్టులో విచారణ అయిపోయి, అప్పీలు ఓడిపోయి, ఏళ్లుగా జైల్లో ఉన్న మనిషి, నా విచారణలో అమెరికా రాజ్యాంగం ఇచ్చిన హక్కు దెబ్బతిన్నదని ఫెడరల్ జడ్జికి చెప్పుకునే చివరి దారి అది. ఫీజు 5 డాలర్లు. ఆ దారి మొదట్లోనే ఒక షరతు ఉంది. ముందు రాష్ట్ర కోర్టులకు వెళ్లు, అక్కడ పై కోర్టు దాకా నడువు, నీ ఫిర్యాదులోని ప్రతి అంశాన్నీ వాళ్ల ముందు పెట్టు, వాళ్లు కాదన్నాక మా దగ్గరికి రా. మా ఆఫీసులో దీన్ని ఎగ్జాస్చన్ అంటారు. ఉత్తరం విప్పగానే మా లాయరు అడిగే మొదటి ప్రశ్న, ‘ఎగ్జాస్ట్ చేశాడా?’

ఈ షరతును ఎత్తేయమని నేను అడగడం లేదు. ఇంట్లో పెద్దమనిషి ఉండగా ఆయనకు చెప్పకుండా తగువును రచ్చబండకెక్కిస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. రాష్ట్ర జడ్జీలు కూడా అదే రాజ్యాంగం మీద ప్రమాణం చేసినవాళ్లు. వాళ్ల తప్పు వాళ్లే దిద్దుకునే అవకాశం ముందు వాళ్లకే ఇవ్వడం న్యాయం. నా ఫిర్యాదు ఆ తర్వాత మీరు దాని చుట్టూ కట్టిన వాటి మీద.

ఈ నియమం పుట్టినప్పుడు ఇలా లేదు. అంతర్యుద్ధం ముగిసిన రెండేళ్లకు, 1867లో, రాజ్యాంగానికి విరుద్ధంగా నిర్బంధంలో ఉన్న ఎవరి మొరనైనా వినే అధికారం ఫెడరల్ జడ్జీలకు ఇచ్చింది మీ సభలే. 1886లో వర్జీనియాకు చెందిన రాయల్ అనే లాయరు కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. రాష్ట్ర బాండ్ల కూపన్‌ను లైసెన్సు లేకుండా అమ్మాడని ఆయన మీద నేరం మోపారు. విచారణ మొదలుకాక ముందే విడిపించమని ఆయన ఫెడరల్ కోర్టును అడిగాడు. జస్టిస్ హార్లన్ రాసిన తీర్పు ఏం చెప్పిందంటే, వినే అధికారం ఫెడరల్ కోర్టుకు ఉంది, కానీ ఎప్పుడు వినాలో ఆ కోర్టు తన విచక్షణతో నిర్ణయించుకోవచ్చు, రాష్ట్రాన్ని ముందు తన పని చేసుకోనివ్వచ్చు. అంటే అది వరుసక్రమానికి సంబంధించిన మాట. రాష్ట్రం తర్వాత మేము అన్నారే తప్ప, రాష్ట్రం తర్వాత ఎవరూ లేరని అనలేదు. 1948లో మీరు దాన్ని చట్టంలో రాసినప్పుడు కూడా భావం అదే.

1982లో రోజ్ వర్సెస్ లండీ కేసులో కోర్టు మరో మెట్టు బిగించింది. పిటిషన్‌లోని అంశాల్లో ఒక్కటి రాష్ట్ర కోర్టుకు వెళ్లకపోయినా మొత్తం పిటిషన్ వెనక్కి పంపాలంది. కష్టమే అయినా అప్పటికి ప్రాణం మీదికి తెచ్చేది కాదు. గడువంటూ ఏదీ లేదు కాబట్టి వెనక్కి వెళ్లి, ఆ ఒక్క అంశం రాష్ట్ర కోర్టులో తేల్చుకుని, మళ్లీ రావచ్చు.

ఆ తర్వాత 1996 వచ్చింది.

1995 ఏప్రిల్ 19న ఓక్లహోమా సిటీలో ఫెడరల్ భవనాన్ని పేల్చేశారు. 168 మంది చనిపోయారు, వాళ్లలో 19 మంది పిల్లలు. ఆ దుఃఖంలో, ఆ కోపంలో మీ సభలు ఒక చట్టం చేశాయి. మరణశిక్షల అప్పీళ్లు ఏళ్లకేళ్లు సాగుతున్నాయని బాధితుల కుటుంబాలవాళ్లు కొందరు వాషింగ్టన్ వచ్చి అడిగారు. వాళ్ల బాధను నేను తక్కువ చేయను. కానీ ఆ దాడిలో ప్రధాన నిందితుడి మీద కేసు నడిచింది ఫెడరల్ కోర్టులో. రాష్ట్ర జైళ్లలో ఉన్నవాళ్ల నియమాలకు, ఆ కేసుకు సంబంధం లేదు. అయినా 1996 ఏప్రిల్ 24న అధ్యక్షుడు క్లింటన్ సంతకంతో వచ్చిన ఆ చట్టం రాష్ట్ర ఖైదీలందరికీ ఒక గడియారం బిగించింది. శిక్ష ఖరారైన రోజు నుంచి ఒక్క ఏడాది. ఆలోగా ఫెడరల్ కోర్టుకు రాకపోతే తలుపు మూసేస్తారు.

ముందు రాష్ట్రం దారంతా నడిచి రమ్మనే నియమం ఒకటి, ఏడాదిలో రమ్మనే నియమం ఇంకొకటి. విడివిడిగా రెండింటికీ కారణం చెప్పొచ్చు. రెండూ కలిసినచోట ఏం జరిగిందో షెర్మన్ వాకర్ కేసు చూడండి.

వాకర్ న్యూయార్క్‌లో దోపిడీ కేసులో శిక్ష పడిన మనిషి. 1996 ఏప్రిల్ 10న, అంటే మీ చట్టం ఇంకా పుట్టకముందే, ఫెడరల్ కోర్టులో పిటిషన్ వేశాడు. రాష్ట్ర కోర్టుల దారులన్నీ నడిచినట్టు ఇందులో సరిగ్గా కనబడటం లేదని జులై 9న కోర్టు దాన్ని తిప్పి పంపింది. మళ్లీ వేసుకోవచ్చని కూడా చెప్పింది. అతను 1997 మే 20న మళ్లీ వేశాడు. కొత్త చట్టం వచ్చిన రోజు నుంచి లెక్కేస్తే అతనికున్న ఏడాది గడువు ఆ ఏప్రిల్ 24తో ముగిసింది. 26 రోజుల ఆలస్యం. మొదటి పిటిషన్ ఫెడరల్ కోర్టు బల్ల మీద ఉన్న కాలంలో, చట్టం వచ్చిన తర్వాతివి 76 రోజులు. వాటిని లెక్కలోంచి తీసేస్తే అతను హాయిగా గడువులోపలే ఉన్నాడు.

2001లో సుప్రీంకోర్టు 7-2తో తియ్యకూడదని తేల్చింది. చట్టంలో రాష్ట్ర కోర్టులో పిటిషన్ నడుస్తున్నంతకాలం గడియారం ఆగుతుందని ఉంది, ఫెడరల్ అన్న మాట లేదు, కాబట్టి ఫెడరల్ కోర్టులో గడిచిన కాలం ఖైదీ ఖాతాలోదే. జస్టిస్ బ్రేయర్ అసమ్మతి తీర్పు రాశారు, జస్టిస్ గిన్స్‌బర్గ్ ఆయనతో కలిశారు. అందులో ఒక లెక్క ఉంది. ఎగ్జాస్చన్ కాలేదన్న కారణంతో పిటిషన్‌ను తిప్పి పంపడానికి ఫెడరల్ జిల్లా కోర్టులకు సగటున పట్టే కాలం 268 రోజులు. శిక్ష ఖరారైన మర్నాడే పరుగెత్తుకొచ్చి పిటిషన్ వేసిన మనిషికి కూడా, నువ్వు తప్పు తలుపు తట్టావని చెప్పేసరికి చేతిలో 97 రోజులు మిగులుతాయి. ఆ ఆలస్యం అతనిది కాదు. బల్ల మీద కాగితం కదలకపోవడం వల్ల వచ్చింది.

ఆ తీర్పు చదివాక నేను చాలాసేపు ఆ 76 దగ్గరే ఆగిపోయాను. కాగితం కోర్టు దగ్గరున్న రోజులు ఆ మనిషి జీవితంలోంచి తీసుకున్నవి.

ఇది పాత కథ అనుకోకండి. మా రాష్ట్రం సంగతే చెబుతాను. విచారణలో తన లాయరు సరిగా పని చేయలేదని, ఇంకా అలాంటి తప్పులు జరిగాయని శిక్ష పడ్డాక వేసే పిటిషన్‌ను ఇక్కడ పీసీఆర్ అంటాం. మొదటి పీసీఆర్ వేయడానికి న్యూజెర్సీ కోర్టు నియమాలు ఐదేళ్లు ఇస్తాయి. వేశాక లాయరును కూడా ఇస్తాయి, అందుకు మా రాష్ట్రాన్ని మెచ్చుకోవాలి. ఒక శనివారం నేను విప్పిన ఉత్తరంలో ఒకాయన చక్కటి దస్తూరీతో రాశాడు. జైలు లైబ్రరీలో నియమం చూసుకున్నాడట, తనకు ఇంకా రెండేళ్లు టైముందట, తొందరపడి పిచ్చిగా రాయడం ఇష్టం లేక కాగితాలన్నీ పోగుచేసుకుంటున్నాడట. ఆయన చేస్తున్నది నేను నా పిల్లలకు నేర్పే పనే. నియమం చదువుకో, తొందరపడకు, పద్ధతిగా చెయ్యి. కానీ ఆయన అప్పీలు ముగిసి అప్పటికి ఏడాదిన్నర. ఫెడరల్ గడువు ముగిసిపోయి నెలలు. ఆ తర్వాత రాష్ట్రంలో ఏ పిటిషన్ వేసినా, చచ్చిన గడువుకు ప్రాణం రాదు. రాష్ట్రం చెప్పిన ఐదేళ్లు, మీరు చెప్పిన ఒక్క ఏడాది నేను చూసిన ఏ కాగితం మీదా పక్కపక్కన అచ్చు వేసి లేవు. ఆయనకు ఎవరు చెప్పాలి?

లాయర్లు చెప్పాలంటారేమో. 2007లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం, రాష్ట్ర కోర్టుల జాతీయ కేంద్రం పరిశోధకులు కలిసి ఈ పిటిషన్ల మీద పెద్ద అధ్యయనం చేశారు. మరణశిక్ష లేని కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా ఖైదీలు తమంతట తామే, లాయరు లేకుండా రాసుకున్నవి. ఊరట దొరికినవి వందకు ఒకటి కూడా లేవు.

అదే 1996 చట్టంలో మరో వాక్యం ఉంది. దాన్ని మీరు మళ్లీ ఒకసారి చదవాలని వేడుకుంటున్నాను. ఖైదీ రాష్ట్ర దారులన్నీ నడవకపోయినా సరే, పిటిషన్‌లో పస లేదనుకుంటే ఫెడరల్ జడ్జి దాన్ని కొట్టేయవచ్చు. పస ఉందనుకుంటే మాత్రం, అక్కడ రాష్ట్ర దారి మిగిలుంటే, ఊరట ఇవ్వకూడదు. రాష్ట్రాల మీద గౌరవంతో పెట్టిన నియమమైతే రెండు వైపులా ఒకేలా ఉండాలి కదా. ఓడించడానికి అడ్డురాని గౌరవం గెలిపించడానికి అడ్డు రావడం ఎందుకు?

చిన్న చిన్న ముళ్లు ఇంకా ఉన్నాయి. ఇల్లినాయ్ సుప్రీంకోర్టు తనకు తోచిన కొద్ది కేసులే తీసుకుంటుంది. అయినా ఆ కోర్టునూ అడిగి, అది వద్దన్నాకనే ఇటు రావాలని 1999లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఒరెగాన్ ఖైదీ ఒకరు తన అప్పీలు లాయరు సరిగా పని చేయలేదని పైకోర్టుకు రాసినా, ఇది ఫెడరల్ రాజ్యాంగం కింద హక్కు అన్న మాట స్పష్టంగా చేర్చనందుకు అతని అంశం ఎగ్జాస్ట్ కానట్టేనని 2004లో అదే కోర్టు తేల్చింది. ఆ ఒక్క మాట విలువ ఎంతో తెలిసినవాళ్లు లా కాలేజీలో చదివినవాళ్లు. మాకు ఉత్తరాలు రాసేవాళ్లలో కొందరు అక్షరాలు నేర్చుకున్నదే జైల్లో.

ఇక అసలైన చోటుకు వస్తాను. రాష్ట్రం తలుపు ఆలస్యంగా తట్టినందుకు అక్కడ మూసేస్తే, ఫెడరల్ తలుపూ మూతపడుతుంది. 1991లో రోజర్ కోల్‌మన్ కేసులో అదే జరిగింది. వర్జీనియాలో అతని లాయర్లు అప్పీలు నోటీసు మూడు రోజులు ఆలస్యంగా వేశారు. శిక్ష అనంతర పిటిషన్‌లో లాయరు పొందే హక్కే రాజ్యాంగంలో లేదు కాబట్టి, ఆ లాయరు చేసిన పొరపాటు ఖైదీదే అని సుప్రీంకోర్టు అంది. 1992లో అతనికి మరణశిక్ష అమలైంది. 2006లో చేసిన డీఎన్ఏ పరీక్ష అతని నేరాన్నే చూపించింది. ఆ సంగతి దాచి మీ ముందుకు రావడం నాకు ఇష్టం లేదు. అతను నిర్దోషి కాడు. కానీ మూడు రోజుల లెక్కకు దోషి ఎవరో, నిర్దోషి ఎవరో తెలియదు. ఆ నియమం ఇద్దరికీ ఒకటే.

బారీ జోన్స్ సంగతి చూడండి. అరిజోనాలోని టూసాన్‌లో 1994లో అతని స్నేహితురాలి నాలుగేళ్ల పాప కడుపులో దెబ్బ తగిలి చనిపోయింది. ఆ గాయం ఫలానా రోజు, పాప అతని దగ్గరున్నప్పుడే తగిలిందన్నది ప్రాసిక్యూషన్ వాదన. కేసంతా ఆ గంటల మీదే నిలబడింది. అతని లాయరు ఆ గంటలను వైద్యులతో పరీక్షించనే లేదు. 1995లో మరణశిక్ష పడింది. తర్వాత రాష్ట్రం ఇచ్చిన రెండో లాయరు, మొదటి లాయరు చేసిన ఆ లోపాన్నే పట్టించుకోలేదు. అంశం రాష్ట్ర కోర్టు ముందుకు వెళ్లలేదు. 2012లో సుప్రీంకోర్టు మార్టినెజ్ కేసులో ఒక చిన్న కిటికీ తెరిచింది. రెండో లాయరు కూడా చేతకానివాడైతే, ఖైదీని ఆ పాపానికి బలి చేయనక్కర్లేదంది. ఆ కిటికీలోంచి జోన్స్ ఫెడరల్ కోర్టుకు వచ్చాడు. 2017లో ఏడు రోజులు సాక్ష్యం విన్నారు. గాయం అంతకు ముందే తగిలి ఉండవచ్చని వైద్యులు చెప్పారు. 2018లో జడ్జి ఆ శిక్షను రద్దు చేశారు. పై కోర్టు సమర్థించింది.

2022 మే 23న సుప్రీంకోర్టు 6-3తో అదంతా తుడిచేసింది. కిటికీ తెరిచి ఉండొచ్చు, కానీ రాష్ట్ర కోర్టులో పెట్టని సాక్ష్యాన్ని ఇక్కడ చూడకూడదని మీ 1996 చట్టం చెబుతోంది అంది. లాయరు పెట్టకపోతే ఖైదీ పెట్టనట్టే. ఏడు రోజులు జడ్జి తన చెవులతో విన్నది వినకూడనిదయింది. జస్టిస్ సోటోమయోర్ రాసిన అసమ్మతిలో ఎంత ఆవేదన ఉందో మీరు చదివే ఉంటారు.

ఆ తర్వాత జోన్స్‌ను కాపాడింది కోర్టు కాదు. 2023 జనవరిలో అరిజోనాకు కొత్త అటార్నీ జనరల్ వచ్చారు. ఆ కార్యాలయం ఒప్పందానికి అంగీకరించింది. పాపను ఆసుపత్రికి తీసుకువెళ్లని నేరానికి రెండో తరగతి హత్య ఒప్పుకుని, అప్పటికే శిక్షాకాలం గడిచిపోయినందువల్ల, 2023 జూన్‌లో అతను బయటికి నడిచాడు. జైల్లో 29 ఏళ్లు. ఆ పదవికి 2022 నవంబరులో జరిగిన ఎన్నిక ఇంకోలా తేలి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను.

బాధితుల కుటుంబాల మాట నాకు తెలుసు. కేసు ఎప్పటికీ ముగియకపోతే వాళ్ల గాయం మానదు. వాళ్లకు ముగింపు కావాలి. నేను అడిగేవి కేసులను సాగదీయవు. గడియారాన్ని తీసెయ్యమనడం లేదు, కోర్టు బల్ల మీద గడిచిన రోజులు కుటుంబానికీ ఖైదీకీ ఎవరికీ చెందనివి కాబట్టి వాటిని పక్కన పెట్టమంటున్నాను. పైగా ఎవరి మీద శిక్ష పడాలో వాళ్ల మీదే పడిందని ఒక జడ్జి ఒక్కసారైనా సాక్ష్యం చూసి చెప్పడం ఆ కుటుంబాలకు కూడా కావాల్సిందే.

చట్టంలో గడియారం ఆగే నిబంధన దగ్గర, రాష్ట్ర అన్న మాట పక్కన ఫెడరల్ అన్న మాట చేర్చండి. రెండే రెండు మాటలు, ‘లేదా ఫెడరల్’. వాకర్ తీర్పు దానితో పోతుంది. 2005లో రైన్స్ కేసులో కోర్టు, తగిన కారణం ఉంటే పిటిషన్‌ను తిప్పి పంపకుండా పక్కన ఆపి ఉంచవచ్చని ఒక వెసులుబాటు ఇచ్చింది నిజమే. తగిన కారణం అంటే ఏమిటో మాత్రం చెప్పలేదు. లాయరు లేని మనిషికి తెలియకపోవడమే తగిన కారణమని మీరు చట్టంలో రాయండి.

సాక్ష్యం గురించిన నిబంధనలో, రాష్ట్ర కోర్టులో లాయరు చేసిన నిర్లక్ష్యాన్ని ఖైదీ తప్పుగా లెక్కగట్టకూడదని ఒక వాక్యం చేర్చండి. కొట్టేయడానికి అనుమతించిన చోట, తప్పు కళ్లెదుట ఉంటే ఊరట ఇవ్వడానికీ అనుమతించండి.

ఇంకొకటి నా సొంత కోరిక. దానికి లాయర్లు ఒప్పుకుంటారో లేదో తెలియదు. ఎవరి శిక్షయినా ఖరారైన రోజున, ఆ ఖైదీకి ఒక్క కాగితం పంపే ఏర్పాటుకు రాష్ట్రాలకు డబ్బివ్వండి. అందులో పెద్ద అక్షరాలతో ఒక తేదీ ఉండాలి. ఈ రోజు లోపల ఫెడరల్ కోర్టుకు రాకపోతే మళ్లీ రాలేవు అని, మన రాష్ట్ర గడువు వేరు అని, అతనికి తెలిసిన భాషలో. కరెంటు బిల్లు మీద కట్టాల్సిన తేదీ అచ్చు వేయగలిగిన దేశం ఇది చేయగలదు.

ఈ సమావేశాల్లోనే ఒక విచారణ పెట్టండి. ప్రొఫెసర్లతో పాటు, ఈ పిటిషన్లను రోజూ చదివే ఫెడరల్ మెజిస్ట్రేట్ జడ్జీలను పిలవండి. జైలు లైబ్రరీలో పనిచేసేవాళ్లను పిలవండి, ఏ పుస్తకంలో ఏ పేజీ చిరిగిపోయిందో వాళ్లకు తెలుసు. ఖైదీల ఉత్తరాలు విప్పేవాళ్లను పిలిస్తే నేనూ వస్తాను. ఆ దస్తూరీ ఉన్న ఉత్తరంలో పేరు, నంబరు చెరిపేసి, తేదీలు మాత్రం వదిలి మీ ముందు పెడతాను.

భవదీయ,
న్యూజెర్సీ నుంచి ఒక ఓటరు